గుంటూరు నాయకుడికి విదేశాల గొడవ ఎందుకన్న వాదన నిలిచేది కాదు

"కాలువలో పూడిక తీయించలేని నాయకుడికి అమెరికా సుంకాల గొడవ ఎందుకు? విదేశీ వ్యవహారాలు ఢిల్లీ పని. వాటితో గుంటూరుకు సంబంధం లేదు. వాటి మీద గడిపిన ప్రతి గంటా వార్డుకు ఎగ్గొట్టినదే" అన్న సారాంశంతో ఒక సందేశం కొంతకాలంగా వాట్సాప్ బృందాల్లో తిరుగుతోంది. పూడిక మీది కోపం న్యాయమైనదే. దానికి తగిలించిన మూడు వాదనలు మాత్రం న్యాయమైనవి కావు.

మొదటిది సగం నిజం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో పదో అంశం విదేశీ వ్యవహారాలే. పురపాలక సంఘాలకు అప్పగించదగినవిగా పన్నెండో షెడ్యూలు చెప్పిన 18 అంశాల్లో వాటి ఊసే లేదు. అయితే ఆ జాబితాలు అధికారం ఎవరిదో చెబుతాయే తప్ప, ఎవరు నోరు విప్పవచ్చో చెప్పవు. కార్పొరేటరు సుంకం తగ్గించలేడు, ఒప్పందం మీద సంతకం చేయలేడు. ఆ సుంకం వల్ల తన ఊరి రైతుకు ఏం జరుగుతోందో కాగితం మీద పెట్టి ఎంపీకి ఇవ్వగలడు, ఎంపీ దాన్ని లోక్‌సభలో ప్రశ్నగా అడగగలడు. మిర్చి యార్డులో ధర పడిన సంగతి ఢిల్లీకి దానంతట అదే తెలిసిపోతుందనుకోవడం అమాయకత్వం.

ఇక గుంటూరుకు సంబంధం లేదన్న మాట. ఇది గుంటూరులో ఉండి రాసినదైతే ఆశ్చర్యమే. టిక్కీలతో (మిర్చి బస్తాలతో) యార్డుకు వచ్చిన రైతుకు తేజ రకం ధర చెప్పే కొనుగోలుదారు ముందుగా చూసుకునేది చైనా గిరాకీనే. 2025 ఆరంభంలో ధర పతనమైనప్పుడు ఎగుమతులు మందగించడం కారణాల్లో ఒకటి. రాష్ట్రం పట్టుబట్టిన మీదట కేంద్రం ఫిబ్రవరిలో, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు రూ.11,781 ధర ప్రకటించింది. (అది రైతుకు గిట్టుబాటయిందా అన్నది వేరే గొడవ.) పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్నదీ ఈ ఊళ్లోనే. పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందాన్ని భారతదేశం 2004లో ఆమోదించింది. సాగుదారులకు, కార్మికులకు గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయాలను ప్రోత్సహించాలని అందులోని 17వ అధికరణం చెబుతోంది. ఆ అధికరణం చదివి "ఆ ప్రత్యామ్నాయం ఎక్కడ?" అని నిలదీసే నాయకుడు మాట్లాడుతున్నది విదేశీ వ్యవహారమా, పల్లె వ్యవహారమా? 2022 వరకు గుంటూరు జిల్లాలోనే ఉన్న నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులదీ అదే కథ. 2025 ఆగస్టులో చాలా భారత సరుకులపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం మనం రష్యా చమురు కొంటున్నామని వేసినది. చెరువు గట్టు మీది రైతు ఆ చమురు ఓడను కంటితో చూసి ఉండడు, దాని భారం మాత్రం అతని రొయ్య మీద పడింది.

మూడో వాదన గంటల లెక్క. ఊరి పనీ, విదేశాల పనీ రెండూ చేసినవారు ఇక్కడే ఉన్నారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1933లో రైతాంగ విద్యాలయం స్థాపించిన రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగాయే 1946లో కోపెన్‌హేగన్‌లో ఆహార, వ్యవసాయ సంస్థ సమావేశానికి భారత ప్రతినిధిగా వెళ్లారు. 1980లలో గుంటూరు లోక్‌సభ సభ్యుడూ ఆయనే. అంత దూరం వద్దనుకున్నా, గల్ఫ్‌లో జీతం అందని కూలీ కుటుంబానికి విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడం చూపడానికి అరగంట చాలు. పంపిన ఏజెంటుకు 1983 వలస చట్టం కింద నమోదు ఉందో లేదో చూడడానికి ఇంకో పది నిమిషాలు. ఆ నలభై నిమిషాల వల్ల ఏ కాలువా పూడిపోలేదు.

ఒక్కచోట మాత్రం సందేశం రాసినవారితో ఏకీభవిస్తాను. ఎక్కడి యుద్ధం మీదనో కొవ్వొత్తుల ఊరేగింపు తీసి, ఫొటో దిగి, మర్నాటికి మరిచిపోయే నాయకులు మనకు కొత్త కాదు. వారిని అడగవలసింది "నీకు విదేశాలెందుకు?" అని కాదు, "మిర్చి ఎగుమతుల మీద ఎంపీకి ఏం రాశావు, ఆ కాగితం చూపించు" అని. పూడిక సంగతి కూడా అదే రోజు, అదే గొంతుతో అడగవచ్చు.