దశమభాగం సరే, యోసేపు ఐదో వంతు మాటేమిటి?

గోదావరి డెల్టాలోని క్రైస్తవ ఇళ్లకు సార్వా (ఖరీఫ్ వరి) కోతల డబ్బూ, క్రిస్మస్ ఖర్చూ ఒకే నెలలో వస్తాయి. ఇంటిల్లిపాదికీ 25వ తేదీకి ఒక జత బట్టలు, జనవరి ఒకటికి మరో జత. స్టారు, కేకు, పిండివంటలు, కూడికలకొచ్చే చుట్టాలు, ఆపైన కృతజ్ఞత కానుక. సంక్రాంతి దాటేసరికి చేతిలో ఉన్నది అయిపోతుంది, వారం వారం కట్టాల్సిన వాయిదా మాత్రం మిగులుతుంది.

ఈ ఇళ్లకు పొదుపు నేర్పే వీడియోలూ, స్త్రీల కూడికల్లో చెప్పే పాఠాలూ చాలావరకు నెల జీతం లెక్క మీదే నడుస్తాయి. ఒకటో తారీఖున డబ్బును కవర్లలోకి పంచుకోమంటాయి. కూలి చేసుకునే ఇంటికి ఒకటో తారీఖు ఎక్కడిది? నాట్లప్పుడు పని, కోతలప్పుడు పని. కాలువలు కట్టేసిన మే నెలలోనూ, సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ పొయ్యి మీదకి ఎసరు పెట్టడానికే వెతుకులాట. ఇలాంటి ఇంట్లో పొదుపును నెలతో కొలవకూడదు, ఏడాదితో కొలవాలి. సంఘాల్లో ఈ మాట గట్టిగా చెప్పేవాళ్లు కావాలి.

బైబిల్లో ఆదికాండం 41లో యోసేపు ఐగుప్తు రాజు ఫరోతో అన్నది ఇదే: పంట బాగా పండే ఏళ్లలో ఐదో వంతు తీసి కొట్లలో వేయించు, కరవులో అదే కాపాడుతుంది. అది విన్న ఫరో, దేవుని ఆత్మ ఉన్న మనిషి ఇతనే అన్నాడు. రాబడిలో పదో వంతు దేవునికివ్వాలనే దశమభాగం మీద ప్రసంగం ఏటా వింటున్నాం. ఐదో వంతు మీద ఎన్నిసార్లు విన్నాం?

ఐదో వంతును నోట్లుగా దాస్తే నిలవదు, ఎవరో ఒకరు చేబదులు అడుగుతారు. ధాన్యంగా దాస్తే నిలుస్తుంది. లెక్క చూడండి. నలుగురున్న ఇంట్లో రోజుకు కిలోన్నర వండితే నెలకు 45 కిలోలు. రేషన్ కార్డు మీద మనిషికి 5 కిలోల చొప్పున 20 వస్తాయి. లోటు 25. డెల్టాలో ధాన్యం బస్తా 75 కిలోలు, మరలో ఆడిస్తే సుమారు 50 కిలోల బియ్యం, పైగా నూకా తవుడూ. అంటే రెండు బస్తాలు నాలుగు నెలల లోటును పూడుస్తాయి. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన రెండు బస్తాలు సుమారు 3,550. నలుగురికి జనవరి ఒకటి బట్టలు అంతకన్నా తక్కువలో రావు. క్రిస్మస్ జతనే ఉతికి, ఇస్త్రీ చేసి కొత్త సంవత్సరం ఆరాధనకు కట్టుకుంటే ఆ ఇంటి అక్టోబరు గడిచిపోతుంది.

డిసెంబరులో కొన్నది డిసెంబరులోనే ఆడించకూడదు. కొత్త బియ్యం జిగురు, అన్నం ముద్దకడుతుంది, ఒదగదు. అదే ధాన్యాన్ని పొట్టుతోనే ఉంచి మేలో ఒక బస్తా, సెప్టెంబరులో ఒక బస్తా ఆడిస్తే అదే గ్లాసుకు అన్నం ఎక్కువవుతుంది. అయితే ఇప్పుడు కోత యంత్రానిది. బైబిల్లో రూతు ఏరుకున్నట్టు, కోసిన చేలో రాలిన పరిగె ఏరుకునే రోజులు పోయాయి, యంత్రం కోసిన గింజలో తడి కూడా ఎక్కువ. సర్కారు కొనుగోలుకే తేమ 17 శాతం దాటకూడదు. ఇంట్లో నెలల తరబడి ఉంచేదానికి ఇంకా బాగా ఆరాలి. పలచగా పరిచి, గంటకోసారి కాలితో తిరగేస్తూ రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. గింజ కొరికితే టక్కున విరగాలి, నలిగితే ఆరనట్టే. తడిగా బస్తాకెత్తితే లోపల వేడెక్కి బియ్యం పసుపుపచ్చగా మారతాయి, మరలో నూకైపోతాయి. నేల నిమ్ము తగలకుండా కింద చెక్కలు వేసి, గోడకు జానెడు దూరంలో పెట్టాలి.

రేషన్ బియ్యాన్ని అయినకాడికి అమ్మేసి సన్నబియ్యం కొనడం మన ఇళ్లలో జరుగుతున్న పెద్ద నష్టం. చేటలో చెరుగుతూ, కాస్త తెల్లగా, మొద్దుగా, వేరేగా కనబడే గింజను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్లు ఇంకా ఉన్నారు. రేషన్ బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చిన ఆ గింజ బియ్యప్పిండితోనే చేసింది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉన్నది అందులోనే. గంజి వార్చితే అందులో కొంత గంజితో పోతుంది, అందుకని అత్తెసరు పెట్టాలి: అరగంట నానబెట్టి, గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు. అన్నంగా తినలేమంటే మూడు గ్లాసుల రేషన్ బియ్యానికి ఒక గ్లాసు మినపగుళ్లు, చెంచా మెంతులు వేసి ఐదు గంటలు నానబెట్టి రుబ్బితే, తెల్లారేసరికి దోసెల పిండి పొంగి ఉంటుంది.

ఆదివారం కూరకూ ఇదే సూత్రం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, అంచేత ఎండు నెత్తళ్లు, ఎండు సావళ్లు మార్చిలోనే కొనాలి. తలలు తుంచి, ఇంట్లో మళ్లీ రెండు ఎండలు చూపించి, పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమర్చి వారంలో బూజు పడుతుంది.

రేపటి గురించి చింతించవద్దని ప్రభువే అన్నాడు కదా, ఈ దాచుకోవడం అవిశ్వాసం కాదా అనేవాళ్లున్నారు. నిజమే, అరణ్యంలో దేవుడు కురిపించిన ఆహారమైన మన్నాను మర్నాటికి దాచినవాళ్లకు పురుగే మిగిలింది. కానీ ఆరో రోజున రెండింతలు కూర్చుకొమ్మన్నదీ ఆ దేవుడే, ఆ రోజు దాచినదానికి పురుగు పట్టలేదు. సమకూరే రోజేదో, సమకూరని రోజేదో తెలిసి నడుచుకోవడం విశ్వాసంలో భాగమే.

ఇక సంఘం సంగతి. వండే ముందు మందిరం కోసం తీసి సంచిలో వేసే పిడికెడు బియ్యం మన అమ్మలు, అమ్మమ్మలు నిలబెట్టిన ఆచారం. పిడికిలికి 50 గ్రాముల లెక్కన పూటకొకటి, రోజుకు రెండు తీస్తే ఏడాదికి ఒక్కో ఇంటి నుంచి 36 కిలోలు. 60 ఇళ్ల సంఘంలో అది రెండు టన్నుల పైమాట. మందిరాన్ని నిలబెట్టిన ఆ ఆడవాళ్లే సెప్టెంబరులో కిలో బియ్యానికి కొట్లో అరువు అడగాల్సి రావడం మనందరికీ తలవంపు. 1836లో ఈ దేశానికొచ్చి నరసాపురంలో మిషను పెట్టిన ఇంగ్లండు మిషనరీలు బౌడెన్, బీర్ కాలం నుంచి ఈ డెల్టాలో బడులు లేచాయి, ఆసుపత్రులు లేచాయి. ఇప్పుడు ప్రతి మందిరం పక్కనా ధాన్యపు కొట్టు లేవాలి.

సగం బియ్యం ఎప్పటిలాగే పాస్టరు గారి ఇంటికీ, మందిరం ఖర్చులకీ పోనివ్వండి. మిగతా సగమే వెయ్యి కిలోలు దాటుతుంది, 40 ఇళ్లకు 25 కిలోల చొప్పున సరిపోతుంది. పది ఇళ్ల బియ్యం కలిసిన సంచి నిలవుండదు, రెండు మూడు నెలల్లో పురుగు పడుతుంది. కాబట్టి నెలనెలా వేలం వేసి, ఆ డబ్బును వేరే పుస్తకంలో రాసి, డిసెంబరులో సంఘంలోని చిన్న రైతుల దగ్గరే ధాన్యం కొనాలి. బీదవాడికి ఇచ్చినదానికి వడ్డీ తీసుకోవద్దని నిర్గమకాండం 22 చెబుతోంది గనక వడ్డీ మాటే ఉండకూడదు. పుస్తకం ఇద్దరు స్త్రీల దగ్గర, తాళం చెవి మూడో ఆమె దగ్గర ఉండాలి. సెప్టెంబరులో 25 కిలోల బియ్యం తీసుకున్న ఇల్లు సార్వా కోతల్లో అర బస్తా ధాన్యం, అంటే 37న్నర కిలోలు తిరిగి పోయాలి, అదీ కొరికి చూశాకే.