గట్టిగా లాగితే తెరుచుకునే తాళం

పోయిన ఆదివారం నుంచి మనసులో మెదులుతున్న మాట ఇది. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపికుంటే చదవండి.

నేను, మా ఆయన, మా చెల్లి, మరిది కలిసి హైదరాబాద్‌లో ఒక కొత్త ఎస్కేప్ రూమ్‌కి వెళ్లాం. దాని పేరు చెప్పను. ఈ ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: నలుగురైదుగురిని ఒక గదిలోకి పంపి మామూలుగా 60 నిమిషాలు టైమిస్తారు. గదిలో దాచిన ఆధారాలు వెతకాలి, ఒకదానికొకటి ముడిపెట్టాలి, ఒక్కో తాళం తీసుకుంటూ ఆఖరి తలుపు దాకా వెళ్లాలి. బయట ఒకరు కెమెరాలో చూస్తూ, మనం బాగా ఇరుక్కుంటే చిన్న హింట్ ఇస్తారు. వాళ్లని గేమ్ మాస్టర్ అంటారు.

మాకు వచ్చింది పాతకాలం స్టేషన్ మాస్టర్ గది. 20 నిమిషాలకల్లా నాలుగంకెల తాళానికి జవాబు దొరికింది. గోడ మీద రైళ్ల టైంటేబుల్, బల్ల మీద ఆగిపోయిన గడియారం, రెండూ కలిపి చూసి మా చెల్లి పట్టుకుంది. ఎంత చక్కటి పజిలో! అంకెలు పెట్టాను. తాళం రాలేదు. తిరగేసి పెట్టాం, రాలేదు. హింట్ అడిగితే, "కరెక్ట్ దారిలోనే ఉన్నారు మేడమ్, మళ్లీ చూడండి" అన్నారు. మళ్లీ చూశాం. మిగిలిన 40 నిమిషాలూ మళ్లీ మళ్లీ చూస్తూనే ఉన్నాం. టైమ్ అయిపోయాక కుర్రాడు లోపలికొచ్చి, మేం పెట్టిన నంబరే పెట్టి, రెండు చేతులతో ఒక్క గుంజు గుంజాడు. వచ్చేసింది. "పాతదైపోయింది మేడమ్, కొంచెం గట్టిగా లాగాలి" అన్నాడు.

లోపలికి పంపేముందు అదే కుర్రాడు మాకు చెప్పిన మొదటి రూల్ ఏంటో తెలుసా? "దేనికీ బలం వాడకండి. బలం వాడాల్సి వస్తే మీరు తప్పు దారిలో ఉన్నట్టే."

నాకు కోపం వచ్చింది గదిలోంచి బయటపడలేకపోయామని కాదు. ఓడిపోవడం నాకు అలవాటే, ఇప్పటికి ఆడిన 40 పైచిలుకు గదుల్లో పదింట్లో ఓడిపోయి ఉంటాను. వాటిలో రెండు మూడు నాకు ఇప్పటికీ చాలా ఇష్టమైన గదులు. నా కోపమంతా, సరైన జవాబు చెప్పినవాళ్లని అది తప్పని నమ్మించినందుకు. మా చెల్లి ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. తను చెప్పిందే రైటని ఎవరికీ తెలియకుండానే ఆట అయిపోయింది మరి.

చిన్నప్పుడు మా అమ్మమ్మ రాత్రిళ్లు డాబా మీద పడుకోబెట్టి పొడుపు కథలు వేసేది. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." మేం ఇంట్లో ఉన్న తలుపులన్నీ చెప్పేవాళ్లం. గేటు, బీరువా, దేవుడి గది. చివరికి అమ్మమ్మ తన కనురెప్పలు మూసి తెరిచి చూపించేది. అప్పుడు కలిగే ఆనందం ఎలాంటిదంటే, జవాబు దొరకనందుకు బాధ ఉండదు, "అరె, ఎదురుగానే ఉందే" అనిపిస్తుంది. పొడుపు కథలో మోసం ఉండదు. అందులోని ప్రతి మాటా జవాబుకి అతకాలి. అతక్కపోతే ఆరేళ్ల పిల్ల కూడా ఒప్పుకోదు. నేను డబ్బు కట్టి వెళ్లే ప్రతి గదినుంచీ కోరేది ఆ నిజాయితీ ఒక్కటే.

ఈ ఆట పుట్టుక కూడా అలాంటిదే. 2004లో తోషిమిత్సు తకాగి అనే జపాన్ ఆయన కంప్యూటర్‌లో ఆడే 'క్రిమ్సన్ రూమ్' అని ఒక చిన్న గేమ్ చేశారు. ఎర్ర గది, తాళం వేసిన తలుపు, అంతే. మౌస్‌తో ఒక్కో వస్తువూ నొక్కి చూసుకుంటూ బయటపడాలి. ఆ ఏడు డిగ్రీలో ఉన్న నేను, నెట్ సెంటర్లో గంటకింతని కట్టి ఆ తరహా ఆటలు ఆడేదాన్ని. 2007లో క్యోటోలో తకావో కాతో అనే ఆయన ఇలాంటి ఆటని నిజం గదిలోకి, నిజం మనుషుల మధ్యకి తెచ్చారు. 2011లో హంగరీలో అత్తిలా ద్యుర్కోవిచ్ బుడాపెస్ట్‌లో 'పారాపార్క్' అనే ఎస్కేప్ రూమ్ తెరిచారు. అక్కడినుంచి యూరప్ అంతా పాకింది.

అందుకే పదేళ్ల పెళ్లిరోజుకని యూరప్ టూర్ వెళ్లినప్పుడు, ప్యాకేజీలో బుడాపెస్ట్ పేరు చూడగానే నా గుండె వేగం పెరిగింది. మిగతావాళ్లు డాన్యూబ్ మీద పడవ షికారుకి వెళ్లారు. మేమిద్దరం మాత్రం ఏడో జిల్లాలో ఒక పాత అపార్ట్‌మెంట్ నేలమాళిగకి వెళ్లాం. ఆ పేటలో మధ్యలో ఖాళీ ముంగిలి, చుట్టూ వసారాలున్న పాత భవనాలు చాలా ఉంటాయి. ఎవరికీ పట్టని నేలమాళిగలే ఈ ఆటకి ఇల్లయ్యాయి. ఇటుక గోడలు, తేమ వాసన, తలకి తగిలేంత కిందికి వంగిన కమాను. సెట్టింగ్ వేయాల్సిన పనే లేదు.

ఆ గది ఇప్పుడు లేదు కాబట్టి పజిల్ చెప్పినా ఎవరి ఆటా పాడవదు. మమ్మల్ని రెండు జైలు గదుల్లో విడివిడిగా పెట్టారు. మధ్య గోడలో చిన్న జాలీ. మాట వినపడుతుంది, మనిషి కనపడడు. నా గోడ మీద ఎనిమిది గుర్తులు చెక్కి ఉన్నాయి. ఆయన దగ్గర అలాంటివే ఓ 30 గుర్తులున్న చెక్క బల్ల. నేను చెప్పిన వరసలో ఆయన నొక్కాలి. మొదట ఇద్దరం "సర్కిల్, లోపల డాట్, కింద లైన్" అంటూ ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాం. ఆయన వైపు సర్కిల్‌లో డాట్ ఉన్నవే నాలుగున్నాయట! రెండు సార్లు తప్పు పడింది. టెన్షన్‌లో నా నోట్లోంచి, "ఏవండీ, ఠ! తలకట్టు తీసేసిన ఠ!" అని వచ్చింది. జాలీ అవతలనుంచి "ఆఁ, దొరికింది!" అన్నారు.

ఇక ఆగలేదు. బోర్లించిన చెంబు. జిలేబీ, కానీ చివర విప్పినట్టుంది. తర్వాతది మెలికల ముగ్గులో మూల తిరిగినట్టుంది. "ముగ్గుల సంగతి నాకేం తెలుసే?" అన్నారు. "అత్తయ్యగారు సంక్రాంతికి తులసికోట దగ్గర వేస్తారు చూడండి, చుక్క చుట్టూ తీగ తిరిగి వెనక్కొస్తుంది" అన్నాను. రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత టక్కున చెక్క నొక్కిన శబ్దం. ఎనిమిదీ పడి మధ్య తలుపు తెరుచుకున్నప్పుడు, పట్టుమని పది నిమిషాలు విడిగా ఉన్న మనిషిని చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బయటికొచ్చాక గేమ్ మాస్టర్ అమ్మాయి, అంత గట్టిగా అరిచిన ఆ మాటేంటని అడిగింది. కాగితం మీద 'ఠ' రాసి చూపించాను. ఆ అమ్మాయి దాన్ని తన మానిటర్ పక్కన అంటించుకుంది.

నేను బ్యాంకులో పనిచేస్తాను. మా స్ట్రాంగ్ రూమ్ తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంటాయి. ఇద్దరూ వచ్చి ఎవరి చెవి వాళ్లు పెడితే తప్ప తలుపు తెరుచుకోదు. రోజూ చేసే పనే గానీ, దాని లోతు నాకు ఆ నేలమాళిగలో తెలిసింది. ఆ పజిల్‌ని ఒక్కరు ఎంత తెలివైనవాళ్లయినా తీయలేరు. కట్టినవాళ్లు మమ్మల్ని ఒకరి మాట ఒకరు వినేలా చేశారు. దానికి రంగుల లైట్లు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. ఒక గోడ, ఒక జాలీ, ఒక చెక్క బల్ల చాలు.

మరి మన దగ్గర ఏం జరుగుతోంది? గది బాగాలేకపోతే దెయ్యాన్ని పెడుతున్నారు. నాకు హారర్ మీద కోపం లేదు, బాగా కట్టిన హారర్ గదులు ఆడాను. కానీ పజిల్ ఆలోచిస్తున్న మనిషి వెనకనుంచి వచ్చి భుజం పట్టుకుని అరిస్తే, ఆ తర్వాత పది నిమిషాలు ఎవరి బుర్రా పనిచేయదు. ఆ పది నిమిషాలూ పజిల్ లేకుండా గడిచిపోతాయి, గది కట్టినవాళ్లకి అంత పని తగ్గింది. బెంగళూరులో ఒక చోట మా చెల్లిని అలా పట్టుకుంటే, ముట్టుకోవడానికి ఒప్పుకున్నారా అని ముందు మమ్మల్ని అడిగినవాళ్లే లేరు.

ఇంకొకటి, రిసెప్షన్‌లో బోర్డు: "ఇక్కడినుంచి బయటపడింది నూటికి పదిమందే!" అది గొప్పెలా అవుతుంది? నూటికి 90 మంది ఫెయిలయ్యే పరీక్ష పెట్టిన మాస్టారిని మెచ్చుకుంటామా? అందులో ఎంతమంది పజిల్ కష్టమై ఆగిపోయారో, ఎంతమంది తాళం తుప్పు పట్టి ఆగిపోయారో లెక్క తీయాలి. ముందు ఆడినవాళ్ల తర్వాత వస్తువులు సరిగ్గా సర్దకపోవడం, నీలం లైటు టార్చిలో బ్యాటరీ అయిపోవడం, నంబర్ల చక్రం అరిగి 3కీ 8కీ తేడా తెలియకపోవడం... ఇవన్నీ నేను కళ్లారా చూశాను. ఒక గది కట్టడానికి లక్షలు పెట్టేవాళ్లు, ఆరునెలలకోసారి కొత్త తాళం కొనలేరా?

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది తలుపు. 2019 జనవరి 4న పోలండ్‌లోని కోషాలిన్ ఊళ్లో ఐదుగురు అమ్మాయిలు, అందరూ 15 ఏళ్లవాళ్లే, పుట్టినరోజు చేసుకోవడానికి ఎస్కేప్ రూమ్‌కి వెళ్లారు. గదిని వెచ్చగా ఉంచడానికి పెట్టిన గ్యాస్ లీకై బయట మంటలు లేచాయి. లోపలున్న పిల్లలు బయటికి రాలేకపోయారు. ఐదుగురూ విషవాయువుకి చనిపోయారు. ఆ తర్వాత పోలండ్ అంతటా తనిఖీలు చేసి చాలా గదులు మూయించారు. ఆ వార్త చదివినప్పటినుంచి నేను అడగకుండా ఏ గదిలోకీ అడుగుపెట్టను.

ఆటలో తలుపు మూసుండాలి గానీ నిజంగా బంధించకూడదు. మంచి గదుల్లో విద్యుదయస్కాంతంతో పట్టి ఉంచే తలుపులు వాడతారు. కరెంటు ఉన్నంతసేపే అది పట్టి ఉంటుంది, కరెంటు పోతే దానంతటదే వదిలేస్తుంది. పక్కనే ఒక బటన్ ఉంటుంది, నొక్కితే ఎప్పుడైనా బయటికి రావచ్చు. కాబట్టి రిసెప్షన్‌లోనే అడగండి. కరెంటు పోతే తలుపు ఏమవుతుంది? బటన్ ఎక్కడుంది, నొక్కి చూపిస్తారా? మేం ఆడుతున్నంతసేపూ కెమెరా ముందు మనిషి ఉంటారా, ఫోన్ మాట్లాడుకుంటూ బయటికి వెళ్తారా? ఒక చోట నేను ఇలా అడిగితే, "అంత భయమైతే ఎందుకొచ్చారు మేడమ్" అన్నారు. డబ్బు వెనక్కి తీసుకుని వచ్చేశాం. మీ పిల్లల్ని పుట్టినరోజులకి పంపుతున్నారు కదా, దయచేసి అడగండి. మొహమాటపడకండి.

ఇంట్లో ఆడటం గురించి కూడా చెప్పాలి. పెట్టెల్లో వచ్చే ఆటల్లో 'ఎగ్జిట్' వరస నాకు ఇష్టం. దాన్ని ఇన్కా బ్రాండ్, మార్కుస్ బ్రాండ్ అనే జర్మన్ దంపతులు రూపొందించారు. కార్డులు కత్తిరించాలి, మడవాలి, పుస్తకం మీద రాయాలి, అందుకే ఒక్కసారే ఆడగలం. మా అమ్మ మాత్రం కొత్త కాగితం మీద కత్తెర వేయనివ్వదు. జిరాక్స్ తీయించుకొచ్చి ఆడాం.

కానీ అసలు పాఠం నేను సొంతంగా గది కట్టినప్పుడు నేర్చుకున్నాను. మొన్న సంక్రాంతికి పిల్లలందరూ అమ్మావాళ్లింట్లో చేరితే, పోపుల డబ్బాతో ఒక పజిల్ చేశాను. నాలుగు గిన్నెల అడుగున నాలుగు అంకెలు అంటించాను. చీటీలో "నూనె కాగింది, ఎవరెప్పుడు దూకాలి?" అని రాశాను. పోపులో ఏది ముందు వేస్తారో ఆ వరసలో అంకెలు పెడితే సూట్‌కేస్ తెరుచుకోవాలి. నా ఉద్దేశం, పిల్లలు వంటింట్లోకి వెళ్లి పెద్దవాళ్లని అడగాలని.

అడిగారు. మా మేనకోడలు నాన్నమ్మనడిగింది. శనగపప్పు వేగడానికి టైమ్ పడుతుంది కాబట్టి అదే ముందు అంది అమ్మ. మా చెల్లి కొడుకు వెళ్లి మా మరదలినడిగాడు. ఆవాలు ముందు చిటపటలాడాలి, తర్వాతే పప్పులంది. సూట్‌కేస్ వాడికి తెరుచుకోలేదు. ఏడేళ్లవాడు, "పెద్దమ్మా, అత్తయ్య అబద్ధం చెప్పిందా?" అని ఏడుపు మొహంతో అడిగాడు. లేదు నాన్నా, అత్తయ్య చెప్పింది నిజమే, పెద్దమ్మ పజిలే తప్పు అని వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాను. చీటీ చింపి మళ్లీ రాశాను: "నాన్నమ్మ చేతి పోపు. నూనె కాగింది." ఆ రెండు మాటలు చేరేసరికి పజిల్‌కి ఒక్కటే జవాబు మిగిలింది.

అప్పుడు ఆ చీటీ మార్చడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. తాళం మార్చడానికి హైదరాబాద్‌లో వాళ్లకి ఎంత పడుతుంది? రివ్యూలో ఇదంతా మర్యాదగానే రాశాను. తాళం మార్చామని చెప్తే మా చెల్లిని తీసుకుని మళ్లీ వెళ్తాను. తను కనిపెట్టిన ఆ నాలుగంకెలూ తన చేత్తోనే పెట్టించాలి.

ఈలోగా మా మేనకోడలు దసరాకి నాకోసం ఒక గది కడుతోంది. నిన్న రాత్రి మొదటి ఆధారం అంటూ వాట్సాప్‌లో ఫొటో పంపింది. మా నాన్నగారి పాత కళ్లజోడు డబ్బా, దాని మీద చీటీ: "ఎప్పుడు తీసినా చప్పుడు కావు." ఆ డబ్బా నాకు బాగా తెలుసు. తీస్తే టప్పుమని వీధిలోకి వినపడుతుంది. మరి చీటీలో అలా ఎందుకు రాసిందో, పొద్దున కౌంటర్లో కూర్చున్నప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.