"ఖాళీగా కూర్చున్న టైంకి డబ్బులేంటి" అంటున్న పోస్టుకి నా జవాబు

రెండు మూడు రోజులుగా ఒక పోస్ట్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: రెస్టారెంట్లో గంటల లెక్కన పనిచేసేవాళ్ళకి కస్టమర్లు లేని టైంలో డబ్బులు ఇవ్వక్కర్లేదు, క్లాక్ అవుట్ చేయించి, అంటే మెషిన్‌లో వాళ్ళ పని టైం ఆపేయించి కూర్చోబెడితే తప్పేం లేదు, బ్రేక్ ఇచ్చేది వాళ్ళ మంచికే, ఐదు పది నిమిషాలకి లెక్కలు అడగడం చిల్లర బుద్ధి, జీతాలు ఇంకా పెంచితే ఓనర్లు మూసేసుకోవాల్సిందే, నచ్చనోళ్ళు మానేయొచ్చు. రాసినాయన ఎప్పుడైనా ఏప్రన్ కట్టుకున్నాడో లేదో నాకు తెలీదు గానీ నేను కట్టుకున్నా, చదువుకునే రోజుల్లో ఏడాదిన్నర పాటు, మొదట గిన్నెల దగ్గర, తర్వాత టేబుల్స్ దగ్గర. అందుకని ఒక్కో ముక్కా పట్టుకుని మాట్లాడతా.

మొదటి ముక్క, "చేతిలో పని లేకపోతే అది పని గంట కాదు."

వినడానికి భలే న్యాయంగా ఉంటుంది ఇది. మరి ఫైర్ స్టేషన్లో మంటలు లేని రోజున జీతం కోస్తారా? ఇది నేను ఏదో పోలిక కోసం అంటున్నది కాదు, అమెరికాలో ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1944లో. చికాగోలో ఒక సబ్బుల ఫ్యాక్టరీలో ఫైర్ సిబ్బంది మామూలు షిఫ్ట్ అయ్యాక రాత్రి కూడా అక్కడే ఉండాలి, అలారం మోగితే పరిగెత్తాలి, మోగకపోతే పేకాడుకున్నా ఇంకేం చేసినా వాళ్ళిష్టం. కంపెనీ "వాళ్ళేం చేశారని డబ్బులివ్వాలి" అంది, అచ్చం ఈ పోస్టులో ఉన్నట్టే. కోర్టు ఏమందంటే, మనిషిని పనికి పెట్టుకోవచ్చు, పనికి సిద్ధంగా ఉండటానికి కూడా పెట్టుకోవచ్చు, రెండోదీ పనే అంది. నిద్ర, భోజనం టైం తీసేసి మిగతా గంటలకి డబ్బులు ఇవ్వాల్సి వచ్చింది. అంటే ఎనభై ఏళ్ళ కిందట తేలిపోయిన విషయాన్ని ఈయన ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు రాస్తున్నాడన్నమాట.

అక్కడ 1938 నాటి జీతాల చట్టం కింద ఉన్న రూల్స్ ఇంకా తేటగా చెప్తాయి. మధ్యలో గ్యాప్‌కి డబ్బులు ఇవ్వకుండా ఉండాలంటే మనిషిని పని నుంచి పూర్తిగా వదిలేయాలి, ఆ గ్యాప్ తన సొంత పనులకి పనికొచ్చేంత పొడుగుండాలి, బయటికి వెళ్ళొచ్చని, మళ్ళీ ఫలానా టైంకి వస్తే చాలని ముందే చెప్పాలి. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి ఆరింటికి రా అని ముందే షెడ్యూల్లో వేసి, మధ్యలో ఫోన్ కూడా చేయకుండా ఉంటే, సరే, ఆ నాలుగు గంటలకి డబ్బులు అడగలేం, అది నేనూ ఒప్పుకుంటా. కానీ జరిగేది అది కాదుగా.

జరిగేది ఏంటంటే, లంచ్ రష్ అయిపోతుంది, మూడు టేబుల్స్ మిగుల్తాయి, మేనేజర్ స్క్రీన్ వైపు ఒకసారి చూసి "క్లాక్ అవుట్ చేసేయ్, కానీ దూరం వెళ్ళకు, గ్రూప్ వస్తే పిలుస్తా" అంటాడు. ఎంతసేపు అంటే "చూద్దాం". నేను వెనక తలుపు పక్కన పాల క్రేట్ బోర్లించుకుని కూర్చునేవాణ్ణి, ఏప్రన్ కూడా విప్పకుండా, ఫోన్ సౌండ్ ఫుల్ పెట్టుకుని, పక్కనే చెత్త డబ్బా. ఒక రోజైతే గంటా ఇరవై నిమిషాలు. రూంకి పోయి పడుకోలేను, లైబ్రరీకి పోలేను, ఇంకో పనీ చేసుకోలేను. పైగా కాసేపటికి ఎవరో ఒకరు వచ్చి ఫోర్కులు, చాకుల గంప ముందు పెట్టి "ఊరికే కూర్చున్నావుగా, న్యాప్‌కిన్లలో చుట్టేయ్" అనేవాళ్ళు, నేనూ చుట్టేసేవాణ్ణి, క్లాక్ అవుట్‌లో ఉండి! గేదె మెడకి పలుపు తాడు కట్టి, గుంజకి బిగించి, మేసుకోమని వదిలేశాం అంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

బ్రిటన్‌లో 1995లో ఇంకా ఘోరం బయటికొచ్చింది, పేరున్న ఒక బర్గర్ చెయిన్‌లో కస్టమర్లు లేనప్పుడల్లా పనిచేసే కుర్రాళ్ళని క్లాక్ అవుట్ చేయించేవాళ్ళు, గ్లాస్గోలో ఒక కుర్రాడికి ఐదు గంటలు షాపులో ఉన్నందుకు చేతికొచ్చింది ఒక్క పౌండ్. పేపర్లలో పడి గోలయ్యాక కంపెనీ నష్టపరిహారం కట్టింది. తర్వాత 1999లో అక్కడ కనీస వేతనం వచ్చినప్పుడు, పని చోట పనికి అందుబాటులో ఉండమన్న టైం కూడా లెక్కలోకి వచ్చేలా రూల్స్ రాశారు.

రెండోది, "బ్రేక్ వాళ్ళ ఆరోగ్యం కోసమే."

బ్రేక్ ఎవరికి చేదు? నేను అడిగేది ఇది: ఆ బ్రేక్ ఎప్పుడు ఇవ్వాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, దేన్ని చూసి? కాళ్ళు లాగుతున్నప్పుడు ఇవ్వరు, సేల్స్ పడిపోయినప్పుడు ఇస్తారు. షిఫ్ట్ మొదలైన నలభై నిమిషాలకే "నీ బ్రేక్ ఇప్పుడే తీసేసుకో" అంటారు, ఆకలీ ఉండదు అలసటా ఉండదు, ఆ తర్వాత ఆరు గంటలు ఏకధాటిగా నిలబడాలి. ఇంక ఇందులో ఆరోగ్యం ఎక్కడుందో ఆయనే చెప్పాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. అమెరికా ఫెడరల్ చట్టం, అంటే దేశం మొత్తానికి ఉన్న చట్టం, అసలు బ్రేక్ ఇవ్వమనే చెప్పదు. ఇస్తే మాత్రం 5 నుంచి 20 నిమిషాల లోపు చిన్న బ్రేక్ పని టైం కిందే లెక్క, డబ్బులు కోయకూడదు. భోజనం బ్రేక్ మామూలుగా 30 నిమిషాలు ఉండాలి, ఆ టైంలో ఏ పనీ చెప్పకూడదు, అప్పుడే డబ్బులు ఆపొచ్చు. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఆర్డర్ ఫోన్ ఎత్తితే అది బ్రేక్ కాదు. అందుకే "పదిహేను నిమిషాలు క్లాక్ అవుట్ అయ్యి రా" అనే మాట అక్కడ నిలబడదు. కాలిఫోర్నియాలో ఐదు గంటలు దాటే షిఫ్ట్‌కి భోజనం బ్రేక్ తప్పనిసరి, ఇవ్వకపోతే ఆ రోజుకి ఒక గంట జీతం అదనంగా కట్టాలి. షిఫ్ట్‌కి రమ్మని పిలిచి సగం కూడా పని ఇవ్వకుండా పంపేస్తే సగం షిఫ్ట్ డబ్బులు ఇవ్వాలి, తక్కువలో తక్కువ రెండు గంటలు, ఎక్కువలో ఎక్కువ నాలుగు.

కొన్నిచోట్ల ఇంకో తమాషా, బ్రేక్ తీసుకున్నా తీసుకోకపోయినా సాఫ్ట్‌వేరే రోజూ అరగంట కోసేస్తుంది. వారానికి ఐదు షిఫ్టులైతే రెండున్నర గంటలు గాల్లో కలిసినట్టే, ఎవడూ నోటితో ఏమీ అనక్కర్లేదు కూడా.

మూడోది, ఆ "ఐదు పది నిమిషాల చిల్లర" మాట. నాకు ఎక్కువ మండింది దీనికే.

కాలిఫోర్నియాలో స్టార్‌బక్స్ అనే కాఫీ షాపులో ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్ రాత్రి క్లాక్ అవుట్ చేశాక ఆ రోజు సేల్స్ లెక్కలు కంపెనీకి పంపి, అలారం పెట్టి, తలుపు తాళం వేసి, తోటివాళ్ళని కారు దాకా దింపేవాడు. రోజుకి 4 నుంచి 10 నిమిషాలు. 17 నెలలకి లెక్కేస్తే సుమారు 12 గంటల 50 నిమిషాలు, అప్పటి కనీస వేతనం గంటకి 8 డాలర్ల చొప్పున 102 డాలర్ల 67 సెంట్లు. ఇంత చిన్న మొత్తానికి కోర్టా అంది కంపెనీ. 2018లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, గంటల మీద బతికేవాడికి ఆ డబ్బు చిన్నది కాదు, కరెంటు బిల్లో వారం సరుకులో నెల బస్సు ఛార్జీలో వచ్చేస్తాయి అని రాసింది. అయినా ఆ కొద్ది నిమిషాలు అంత చిల్లరైతే కంపెనీయే ఇచ్చేయొచ్చుగా! చిల్లర అనే మాట ఎప్పుడూ తీసుకోవాల్సినోడికే చెప్తారు, ఇవ్వాల్సినోడికి ఎవరూ చెప్పరు.

నాలుగోది, మార్జిన్లు తక్కువ, ఓనర్ మునిగిపోతాడు అనేది. ఇందులో కొంచెం నిజముంది, రెస్టారెంట్ బిజినెస్ కష్టమే, నేను చూశా. కానీ మేనేజర్ ఆ స్క్రీన్‌లో చూసేది లేబర్ కాస్ట్ పర్సెంటేజ్, అంటే అమ్మకంలో జీతాల వాటా. అమ్మకం తగ్గగానే ఆ అంకె పెరుగుతుంది, పై నుంచి ఫోన్ వస్తుంది, దాన్ని దించడానికి దగ్గర్లో ఉన్న దారి నన్ను క్లాక్ అవుట్ చేయించడం. అద్దె తగ్గదు, ఫ్రీజర్ కరెంటు తగ్గదు, ఖాళీ గంటలో తగ్గేది మనిషి జీతం ఒక్కటే. లాభం వస్తే ఓనర్‌ది, కస్టమర్ రాకపోతే నష్టం గిన్నెలు కడిగేవాడిదా? టిప్స్ మీద బతికే చోట ఇంకా అన్యాయం, అమెరికాలో టిప్స్ వచ్చే పనికి ఓనర్ నేరుగా ఇవ్వాల్సింది ఫెడరల్ చట్టం ప్రకారం గంటకి 2.13 డాలర్లే, 1991 నుంచీ అదే అంకె. ఖాళీ గంటలో టిప్స్ ఎలాగూ రావు, ఆ రెండు డాలర్లు కూడా మిగుల్చుకోవాలని చూస్తున్నారంటే ఏమనాలి.

ఇంక చివరిది, "నచ్చకపోతే మానేయొచ్చు." మానేస్తే అప్పటిదాకా కోసిన డబ్బులు తిరిగొస్తాయా? అప్పు ఎగ్గొట్టినోడు "ఇంక నా దగ్గరికి రావద్దులే" అన్నట్టుంది. ఎవరైనా ఇప్పుడు ఇదే పరిస్థితిలో ఉంటే మాత్రం ఒక పని చేయండి, వాళ్ళ మెషిన్ లెక్కతో పాటు మీ లెక్క విడిగా రాసుకోండి, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు క్లాక్ అవుట్ చేయమన్నారు, ఎవరన్నారు, మళ్ళీ ఎప్పుడు పిలిచారు, "దగ్గర్లోనే ఉండు" అని మెసేజ్ పెడితే దాన్ని డిలీట్ చేయొద్దు. అమెరికాలో అయితే ఫెడరల్ చట్టం కింద మామూలుగా రెండేళ్ళ లోపు అడగాలి, తెలిసి చేశారని రుజువైతే మూడేళ్ళు, ఆ తర్వాత ఎంత ఏడ్చినా లాభం లేదు.

నేనూ మానేశా లెండి, ఆయన చెప్పినట్టే. ఆఖరి రోజు క్లాక్ అవుట్ కొట్టి ఏప్రన్ విప్పుతుంటే "ఈ రెండు ట్రేలు కడిగేసి పో" అన్నారు, అలవాటైన చేతులు కదా, కడిగేసే వచ్చా.