‘1965కి ముందు బేస్ అయితేనే ఆ సౌండ్’ అనే మాట ఎక్కడ తప్పుతోంది?

బేస్ గిటార్ వాయించేవాళ్ళ మధ్య వాట్సాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఒక వాదన తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: 1965కి ముందు అమెరికన్ గిటార్ కంపెనీ ఫెండర్ తయారుచేసిన బేస్‌లోనే అసలు సౌండ్ ఉంది. అరవై ఏళ్ళు ఎండిన చెక్క, ఆ చెక్కని ఊపిరి పీల్చుకోనిచ్చే నైట్రో (నైట్రోసెల్యులోజ్) ఫినిష్, చేత్తో చుట్టిన పికప్‌లు (తీగ కదలికని పట్టే అయస్కాంతపు చుట్లు), ఈ మూడూ మళ్ళీ రావు. కంపెనీ సీబీఎస్ అనే అమెరికన్ ప్రసార సంస్థ చేతికి వెళ్ళాక వచ్చినవన్నీ చెత్త. కొత్తదాన్ని గీకి పాతదానిలా చేసి అమ్మే ‘రెలిక్’లు వాయించడం రాని షోకిలాలకి. చివర్లో ఒక సలహా: అప్పు చేసైనా పాతదే కొను, రేటు పెరగడమే గానీ తగ్గదు.

పాత బేస్ అంటే గిట్టక రాస్తున్నది కాదిది. ఎన్నో చేతులు మారి నున్నబడ్డ ఫెండర్ ప్రెసిషన్ మోడల్ బేస్ నెక్ పట్టుకుంటే నాకూ వదలబుద్ధి కాదు. ఆ మోజులో తప్పేం లేదు. మోజుకి చెబుతున్న కారణాలే తప్పు. వాటిని నమ్మి లోన్ కోసం తిరిగే కుర్రాళ్ళున్నారు గనక ఒక్కోటీ చూద్దాం.

“మోటౌన్ పాటల్లో వినిపించే సౌండ్ పాత బేస్‌కే వస్తుంది.” దీనికి క్యాలెండర్ చూసుకుంటే చాలు. అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉన్న మోటౌన్ రికార్డు కంపెనీ స్టూడియోలో బేసిస్ట్ జేమ్స్ జామర్సన్ వాయించిన బేస్‌లలో బాగా పేరుపడ్డది 1962 నాటి ప్రెసిషన్. మనం చెవి కోసుకునే ఆ పాటలు రికార్డయింది కూడా 1960ల్లోనే. అంటే అప్పటికి దాని వయసు రెండేళ్ళో, ఐదేళ్ళో. అరవై ఏళ్ళు ఎండిన చెక్క ఆ రికార్డుల్లో ఎక్కడా లేదు. అప్పటికది కొత్త బేసే.

మరి గుండ్రంగా మోగి చటుక్కున తగ్గిపోయే ఆ నోట్ ఎక్కడిది? మొదటిది తీగలు. పైన చదునైన స్టీలు పట్టీ చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు అవి. తెగితే తప్ప జామర్సన్ వాటిని మార్చేవాడు కాడని చెబుతారు. చెమట, జిడ్డు పట్టిన తీగలో గరగరలాడే పై శబ్దం చచ్చిపోతుంది. రెండోది ఫోమ్. ఆ రోజుల్లో బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు పలక) మీద క్రోమ్ మూత, దాని కింద తీగల్ని కాస్త నొక్కిపెట్టే ఫోమ్ ముక్క ఫ్యాక్టరీ నుంచే వచ్చేవి. మూడోది ఆయన కుడిచేతి చూపుడువేలు. పాటంతా ఆ ఒక్క వేలితోనే లాగేవాడు. చాలాసార్లు ఆంప్ కూడా లేకుండా బేస్ నేరుగా మిక్సర్‌లోకి వెళ్ళేది.

కావాలంటే మీ దగ్గరున్న ఏ ప్రెసిషన్ తరహా బేస్‌తోనైనా చేసి చూడండి. ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, బ్రిడ్జికి ఆనించి తీగల కింద వేలెడు వెడల్పు స్పాంజి ముక్క దూర్చండి. బిగుతుగా దూరిస్తే నోట్ ‘టక్’మని ఆగిపోతుంది, తీగకి తగిలీ తగలనట్టుండాలి. టోన్ నాబ్ సగానికి తగ్గించండి. ఆ సౌండ్‌లో సింహభాగం మీ గదిలోనే వినిపిస్తుంది. ఖర్చల్లా ఒక సెట్టు తీగలే. మిగిలింది వేలి పని. అది ఏ షాపులోనూ దొరకదు.

“చెక్క ఎండేకొద్దీ సౌండ్ తెరుచుకుంటుంది.” గిటార్లకి వాడే చెక్కని తయారీకి ముందే ఆరబెడతారు. ఆ తర్వాత అందులో తేమ ఎంత ఉండాలో తేల్చేది ప్రధానంగా చుట్టూ ఉన్న గాలి, చెక్క వయసు కాదు. అరవై ఏళ్ళ బేస్‌ని తెచ్చి విశాఖలో ఆగస్టు నెలలో గోడకి తగిలిస్తే అది కూడా శుభ్రంగా తేమ పీల్చుకుని నెక్ వంచుతుంది. పైగా ఆ కాలపు ఫెండర్లలో ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి ఇనుప కడ్డీ) మర నెక్ మడమ దగ్గర, అంటే నెక్ బాడీకి కలిసే చోట ఉంటుంది. సరిచేయాలంటే చాలాసార్లు తీగలు వదులుచేసి నెక్కే ఊడదీయాలి. సముద్రం ఒడ్డున కాపురం ఉండేవాళ్ళకి ఇది చిన్న టెన్షన్ కాదు.

వయసుతో చెక్కలో రసాయనికంగా మార్పు రాదని నేననను, వస్తుంది. కానీ ఆ మార్పు వినిపించాలంటే పెట్టెంతా కలిసి మోగే వయొలిన్‌లో ముందు వినిపించాలి కదా. పరిశోధకురాలు క్లాడియా ఫ్రిట్జ్ బృందం 2012లో ప్రచురించిన పరీక్ష ఆ సంగతే చూసింది. 21 మంది వయొలిన్ కళాకారుల చేత, వెలుతురు తగ్గించిన గదిలో గాగుల్స్ పెట్టించి, మూడు పాత, మూడు కొత్త వాద్యాలు వాయింపజేశారు. పాతవాటిలో రెండు ప్రసిద్ధ ఇటలీ తయారీదారు స్ట్రాడివారి చేసినవి. అన్నిటికంటే ఎక్కువ నచ్చినది ఒక కొత్త వయొలిన్, తక్కువ నచ్చినది ఒక స్ట్రాడివారి వయొలిన్. గట్టి చెక్క పలక మీద స్టీలు తీగ కదలికని అయస్కాంతంతో పట్టే ఎలక్ట్రిక్ బేస్‌లో వయసు ఇంతకంటే గొప్పగా ఏం వినిపిస్తుంది?

చెక్కకి అసలు పాత్రే లేదనడమూ పొరపాటే. ఫెండర్ బేస్‌లలో జి తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దాకా ఎక్కడో ఒకచోట నోట్ నిలవకుండా చచ్చిపోతుంది. డెడ్ స్పాట్ అంటారు. ఆ స్థాయి దగ్గర నెక్ తానే కదిలి తీగ శక్తిని లాగేసుకుంటుంది. చెక్క ప్రభావం చెవికి తెలిసే చోటు ఇది. తమాషా ఏమిటంటే 1960ల బేస్‌లలోనూ ఇది ఉంది, నిన్న తయారైనవాటిలోనూ ఉంది. అరవై ఏళ్ళ ఎండ దాన్ని బాగుచేయలేదు.

నైట్రో సంగతి త్వరగా తేల్చేయొచ్చు. అది కార్ల పరిశ్రమ నుంచి వచ్చిన పెయింటు. త్వరగా ఆరుతుంది, మెరుగు పెట్టడం సులువు, అందుకే వాడారు. దాని కింద చెక్క రంధ్రాలు పూడ్చే సీలర్ పూసేవారు, కొన్ని రంగులైతే నైట్రో కానే కాదు, యాక్రిలిక్. ఊపిరి పీల్చుకునే చెక్కే గొప్పదైతే పేరున్న జాజ్ బేసిస్ట్ జాకో పాస్టోరియస్ ఏం చేశాడో చూడండి. ఫ్రెట్లు తీసేసిన తన 1962 జాజ్ బేస్ (ఫెండర్‌దే ఇంకో మోడల్) ఫింగర్‌బోర్డు మీద పడవలకి పూసే ఎపాక్సీ దట్టంగా పోశాడు. ఫ్రెట్‌లెస్ బేస్ అనగానే అందరికీ గుర్తొచ్చే సౌండ్ ఆ ప్లాస్టిక్ పొర మీద పుట్టిందే. నైట్రో ఉన్న బేస్ ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్క జాగ్రత్త: రబ్బరు తొడుగున్న స్టాండు మీద పెట్టకండి, ఫినిష్ కరిగి అంటుకుంటుంది.

“చేత్తో చుట్టిన పికప్‌లు మళ్ళీ రావు.” తీగ చుట్టింది యంత్రమే, పక్కకి జరుపుతూ పోయింది మనిషి చెయ్యి. అందుకే ఏ రెండింటికీ చుట్ల లెక్క కచ్చితంగా కలవదు. పక్కపక్కన తయారైన రెండు బేస్‌లే తేడాగా మోగుతుంటే ‘ఆ వింటేజ్ సౌండ్’ అని ఒకదాన్ని ఎలా ఎంచుతారు? వాడిన ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతాలు, 42 గేజ్ రాగి తీగ నేటికీ మార్కెట్లో ఉన్నాయి. ఆల్నికో కాలంతో కోల్పోయే బలం చాలా తక్కువ.

వయసు కంటే సౌండ్‌ని బాగా మార్చేది కొలత. 1970ల మొదట్లో జాజ్ బేస్ వెనక పికప్‌ని సుమారు ఒక సెంటీమీటరు బ్రిడ్జి వైపు జరిపారు. డెబ్బైల జాజ్ బేస్ అనగానే స్లాప్‌లో (బొటనవేలితో తీగని కొట్టి వాయించే పద్ధతిలో) కరుకుగా, గట్టిగా వినిపించే శబ్దానికి ఇదొక ముఖ్య కారణం. కొత్త బాడీలో అదే చోట గుంట తవ్వితే చాలు, యాభై ఏళ్ళు ఆగక్కర్లేదు.

ఈ మాటతోనే సీబీఎస్ చెత్త వాదన కూడా పోతుంది. 1965 జనవరిలో 1.3 కోట్ల డాలర్లకి సీబీఎస్ ఫెండర్‌ని కొన్నది. తర్వాతి కాలంలో బరువు పెరిగిన మాట, నెక్ సరిగా అతకని మాట నిజమే. అయితే రష్ బ్యాండ్ బేసిస్ట్ గెడ్డీ లీ ప్రధానంగా వాడినది అమెరికాలోని కలమజూలో ఒక తాకట్టు దుకాణంలో కొన్న 1972 జాజ్ బేస్. జాజ్ బేసిస్ట్ మార్కస్ మిల్లర్‌ది 1977 మోడల్. దానికి గిటార్ తయారీదారు రోజర్ సాడోవ్‌స్కీ ప్రీఆంప్ (సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) పెట్టాడు. ముట్టుకుంటే విలువ పోతుందని వీళ్ళెవరూ బేస్‌ని పూజగదిలో పెట్టలేదు.

ఇక రెలిక్. చిరుగుల జీన్స్ వేసుకున్నట్టే అని వెక్కిరింపు. ఫెండర్ కస్టమ్ షాప్ వీటిని 1995లో బయటపెట్టింది. మిస్సోరిలో విన్స్ కునెట్టో బాడీలని, నెక్‌లని పాతబరిచి ఇచ్చేవాడు. 2009లో మెక్సికోలో తయారైన రోడ్ వోర్న్ సిరీస్‌తో కాస్త తక్కువ ధరకీ వచ్చాయి. పలచటి ఫినిష్‌ని హఠాత్తుగా చల్లబరిచి బీటలు తెప్పిస్తారు, నెక్ వెనక పాలిష్ అరగదీస్తారు, లోహానికి ఆమ్లం తగిలించి మెరుపు తీస్తారు. వీటిలో చేతికి నిజంగా పనికొచ్చేవి రెండే: ఫింగర్‌బోర్డు అంచులు గుండ్రంగా అరగడం, నెక్ వెనక జిగురుగా అంటుకోని చెక్క. గంటల తరబడి ప్రాక్టీసు చేసే ఎడమచేతికి అది సుఖం. ఆ సుఖానికి డబ్బిస్తే తప్పేంటి? సౌండ్ కోసమని అమ్మితే మాత్రం అది అబద్ధమే.

నాకు తేలిక రెలిక్ అయితే ఫర్వాలేదు, హెవీ రెలిక్ చూస్తే నవ్వొస్తుంది. నిజంగా అరిగిన బేస్‌లో ముంజేయి ఆనే పై అంచు, బొటనవేలు ఆనించే పికప్ పరిసరం, బెల్టు బకిల్ గీరుకునే వెనక భాగం, ఇవే పోతాయి. చెయ్యే తగలని కింది కొమ్ము దగ్గర అరచేతంత పెయింటు లేచిపోయి ఉంటే అది శాండ్‌పేపర్ పని.

ఈ తేడా తెలియకపోతేనే నష్టం. రెలిక్ చేసిన విడిభాగాలు కలిపి అసలు పాతదని అంటగట్టేవాళ్ళు ఉన్నారు. కంట్రోల్ ప్లేటు విప్పించి పాట్ (నాబ్ కింద ఉండే విద్యుత్ భాగం) మీద అంకెలు చూడండి. 3046352 అని ఉందనుకోండి: 304 అంటే స్టాక్‌పోల్ కంపెనీ, 63 సంవత్సరం, 52 ఆ ఏటి వారం. అంటే ఆ బేస్ 1963 చివరికి ముందు తయారయ్యే వీలు లేదు. నెక్ మడమ మీద తేదీతో ఇది పొంతన కుదరాలి, సోల్డర్ కదిలించిన ఆనవాళ్ళు ఉండకూడదు.

“రేటు పెరగడమే గానీ తగ్గదు” అనే సలహాలోనే సౌండ్ వాదన కూలిపోతుంది. మళ్ళీ పెయింటు వేసిన పాత బేస్ ధర వింటేజ్ మార్కెట్లో సుమారు సగానికి పడిపోతుంది. అదే చెక్క, అవే పికప్‌లు. మరోవైపు అసలు పెట్టె, క్రోమ్ మూతలు, షాపు ట్యాగు ఉంటే ధర పెరుగుతుంది. ట్యాగు ఏ నోట్ మోగిస్తుంది? అక్కడ అమ్ముడుపోయేది పురావస్తువు. సేకరణ ఇష్టమైతే ఆ పేరుతోనే కొనుక్కోవచ్చు. అప్పు చేసి మాత్రం వద్దు. తగ్గే రోజున కొనేవాడు దొరకడు.

మన దేశంలో ఉండి కొనేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. 1959 నుంచి కొన్నేళ్ళపాటు ఫెండర్ ఫింగర్‌బోర్డులకి బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడింది. 1992 నుంచి అది సైటీస్ (అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంది. తర్వాత వాడుకలోకొచ్చిన ఇండియన్ రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి, దానికి ఇంత గట్టి ఆంక్ష లేదు. విదేశం నుంచి అరవైల బేస్ తెప్పిస్తానని ఎవరైనా అంటే ముందు సైటీస్ పర్మిట్ చూపించమనండి. చూపించేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.