యయాతికి కాదని చెప్పిన పిల్లలు

‘ఆస్ట్రా లాస్ట్ ఇన్ స్పేస్’ అనే అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్)లో క్లోన్ల రహస్యం బయటపడే ఎపిసోడ్ గురించి ఎక్కడ మాట మొదలైనా, చర్చంతా ట్విస్టు చుట్టూనే తిరుగుతుంది. ముందే ఊహించామని కొందరు, అస్సలు ఊహించలేదని కొందరు. ఆ ఎపిసోడ్‌ను ట్విస్టుగా మాత్రమే చూస్తే దానికి అన్యాయం చేసినట్టే. మనుషుల్ని అంతరిక్షంలోకి వెళ్లగొట్టే కథలు జపాన్ అనిమేలో నలభై ఏళ్లకు పైగా వస్తూనే ఉన్నాయి. ఆ కథను ఇంత నేరుగా ఇంటి లోపలికి తెచ్చిన సిరీస్ మాత్రం నాకు ఇంకొకటి కనిపించలేదు. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, కథ మొత్తం చెప్పకుండా ఈ మాట చెప్పడం కుదరదు.

కథ ఇదీ. 2063లో స్కూలు క్యాంపుకని ఒక గ్రహం మీద దిగిన తొమ్మిది మందిని వెలుగుతున్న గోళం ఒకటి మింగేసి 5,012 కాంతి సంవత్సరాల దూరంలో పడేస్తుంది. ఎనిమిది మంది హైస్కూలు పిల్లలు, వాళ్లతో పాటు పదేళ్ల ఫ్యునీషియా. దగ్గర్లోనే తేలుతున్న పాత ఓడ దొరుకుతుంది. తిండీ నీళ్లూ దొరికే గ్రహాల మీద దిగుతూ, లేస్తూ ఇంటిదారి పడతారు. ఓడలో కమ్యూనికేషన్ వ్యవస్థను ఎవరో కావాలనే పాడుచేశారు, అంటే ద్రోహి తమలోనే ఉన్నాడు. ఈ టెన్షన్ నడుస్తుండగానే వాళ్లలో కిటరీ అనే అమ్మాయి జన్యువులు, ఆమె తల్లి అనాథాశ్రమం నుంచి దత్తత తెచ్చుకున్న చెల్లెలు ఫ్యునీషియా జన్యువులు అచ్చంగా ఒకటేనని తేలుతుంది. అక్కడి నుంచి తీగ లాగితే డొంకంతా కదులుతుంది. వాళ్లంతా క్లోన్లు, అంటే ఒక్క మనిషి జన్యువులతోనే పుట్టించిన పిల్లలు. వయసు మీద పడ్డాక తమ జ్ఞాపకాలను కుర్ర శరీరంలోకి ఎక్కించుకుని మళ్లీ బతుకుదామని పెద్దలు పుట్టించుకున్న క్లోన్లు. ఈలోగా ప్రజలందరి జన్యు వివరాలు నమోదు చేసే చట్టం వచ్చింది. పిల్లలు కంటపడితే పెద్దలు దొరికిపోతారు. అందుకే క్యాంపు పేరుతో చావడానికి పంపేశారు.

ఇక్కడ చూడాల్సిన విషయం ఒకటుంది. ఆ గోళం వాళ్లను ఎంత దూరం విసిరిందన్నది చిన్న విషయం. వెనక్కి రావాలని కోరుకునేవాళ్లు ఇంట్లో ఉన్నారా లేరా అన్నదే అసలు విషయం. సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 2024 జూన్‌లో సుమారు ఎనిమిది రోజులకని వెళ్లి 286 రోజులు అంతరిక్షంలో ఉండిపోయారు. అంతకుముందు వ్యోమగామి సెర్గేయ్ క్రికలోవ్ 1991 మే నెలలో మిర్ అంతరిక్ష స్టేషన్‌కు వెళ్లి, 311 రోజుల తర్వాత 1992 మార్చిలో దిగేసరికి తనను పంపిన సోవియట్ యూనియన్ అనే దేశమే లేదు. అయినా వీళ్లెవరినీ బహిష్కృతులు అనం. కింద ఎవరో ఒకరు రేడియో దగ్గర కూర్చునే ఉన్నారు, దించే దారి వెతుకుతూనే ఉన్నారు. ఆస్ట్రా ఓడలోని పిల్లలకు ఆ ఎపిసోడ్‌లో తెలిసొచ్చేది ఇదే: రేడియో పనిచేసి ఉన్నా, అవతల ఎత్తేవాళ్లు లేరు. అన్నాళ్లూ ఆకలిని, విషపు మొక్కల్ని, ఒకరి మీద ఒకరికి అనుమానాల్ని తట్టుకున్నది ఏ ఇంటికోసమో, తమను చంపాలని చూసింది ఆ ఇల్లే.

పాత అనిమేలు ఇంతదాకా రాలేదు. 1982లో మొదలైన ‘మాక్రాస్’లో ఊరికి ఊరే ఓడలో ఇరుక్కుని, ఎన్నో కష్టాలు పడి భూమికి తిరిగొస్తే, ప్రభుత్వం పౌరులను దిగనివ్వదు, చివరికి ఓడనే భూమి విడిచి పొమ్మంటుంది. ‘లెజెండ్ ఆఫ్ ది గెలాక్టిక్ హీరోస్’లో బానిసలుగా బతుకుతున్న 4 లక్షల మంది డ్రై ఐస్ దిమ్మెను తొలిచి చేసిన ఓడలో పారిపోయి, యాభై ఏళ్ల ప్రయాణం తర్వాత 1.6 లక్షల మంది మాత్రమే కొత్త నేల చేరతారు. రెండూ గొప్ప ఘట్టాలే. అయితే వెళ్లగొట్టింది ప్రభుత్వమైతే, సామ్రాజ్యమైతే కసి తీర్చుకోవడానికి ఒక దిక్కు ఉంటుంది. జెండా పట్టుకోవచ్చు, సైన్యం కట్టొచ్చు, కొత్త దేశం పెట్టుకోవచ్చు. కన్నవాళ్లే వెళ్లగొడితే ఎవరి మీద జెండా ఎత్తాలి?

ఈ సిరీస్ మీద ఉన్న అభ్యంతరాలు నాకు తెలుసు. దిగిన ప్రతి గ్రహం మీదా ఊపిరి ఆడటం, ఇన్ని కుటుంబాలు కలిసి చేసిన కుట్ర ఏళ్ల తరబడి బయటికి పొక్కకపోవడం, అంత పెద్ద నిజం తెలిశాక కూడా పిల్లలు త్వరగా తేరుకుని జోకులు వేసుకోవడం, ఇవన్నీ నమ్మశక్యంగా లేవంటారు. గ్రహాల సంగతి ఒప్పుకుంటాను. తేరుకోవడం గురించి మాత్రం ఒప్పుకోను. ఆ పిల్లలు తేరుకోగలిగింది నిజం చిన్నది కాబట్టి కాదు, అప్పటికే వాళ్లకు ఒకరికొకరు ఉన్నారు కాబట్టి. అంతకుముందు ఎపిసోడ్లన్నీ కట్టుకుంటూ వచ్చింది దాన్నే.

ఆ పిల్లల్లో యున్‌హువాను చూడండి. పొడుగ్గా ఉంటుంది, కళ్లజోడు వెనక దాక్కుంటుంది, గుంపులో ఉన్నా లేనట్టే ఉంటుంది. తల్లి పేరున్న గాయని. ఎవరి కంటా పడకుండా అణిగిమణిగి ఉండమన్నది ఆ తల్లి నేర్పిన పాఠం. షుమూర్ గ్రహం మీద మిగతావాళ్లు విషం తగిలి పడి ఉన్నప్పుడు, మందు వచ్చేదాకా వాళ్లకు ధైర్యం చెప్పడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు. అందుకని పాడుతుంది. అప్పటికి మనకది సిగ్గరి పిల్ల ధైర్యం తెచ్చుకున్న సన్నివేశం, అంతే. క్లోన్ల సంగతి తెలిశాక వెనక్కి వెళ్లి మళ్లీ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ తల్లి లెక్కలో ఆ గొంతు ఆ పిల్లది కాదు. తను రేపు వాడుకోవడానికి పక్కన పెట్టుకున్న గొంతు. అవసరం పడేదాకా స్టెప్నీ టైరును డిక్కీలో ఉంచినట్టు ఉంచింది. ఆ పిల్లల్లోనే ఇంకొకడు కనాటా, అతని తండ్రి కథా అదే. చిన్నప్పటి నుంచి కొడుకును ఊపిరి సలపనివ్వకుండా అథ్లెటిక్స్ ట్రైనింగ్‌లో తోమాడు. వాడు అన్వేషకుడు కావాలని కలలు కంటున్నాడన్న ఊసే ఆయనకు అక్కర్లేదు. తను చేరబోయే శరీరాన్ని ఫిట్‌గా ఉంచుకుంటున్నాడు, అంతే.

పెద్దల లెక్క మొత్తం ఒకే నమ్మకం మీద నిలబడింది: జన్యువులు నావి కాబట్టి ఆ మనిషీ నాదే. జీవశాస్త్రమే ఈ నమ్మకాన్ని ఒప్పుకోదు. డాలీ గొర్రె 1996లో పుట్టాక క్లోనింగ్ అంటే జిరాక్స్ తీయడమేనని లోకమంతా అనుకుంది. 2001 డిసెంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో తొలి క్లోన్ పిల్లి పుట్టింది, కాపీక్యాట్ అన్న అర్థంలో సీసీ అని పేరు పెట్టారు. దాని మాతృక రెయిన్‌బో మూడు రంగుల పిల్లి, అందులో నారింజ రంగు కొట్టొచ్చినట్టు కనిపించేది. సీసీ ఒంటి మీద నారింజ అనేదే లేదు. ఆడపిల్లుల్లో ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి నిద్రపోతుంది, నారింజ రంగును నిర్ణయించే జన్యువు ఉండేది ఆ ఎక్స్ మీదే. రెయిన్‌బో నుంచి తీసుకున్న కణంలో ఏది మెలకువగా ఉంది, ఏది నిద్రపోయింది అన్నదాన్ని బట్టి పిల్ల రంగే మారిపోయింది. బొచ్చు రంగునే అచ్చు దించలేనిది, బతుకును ఎలా దించుతారు? కిటరీ, ఫ్యునీషియా ఒకే మనిషి జన్యువులతో పుట్టినా, ఒకరు కోపిష్ఠి, ఇంకొకరు బొమ్మ చాటు నుంచి మాట్లాడే పసిది. సిరీస్ దీన్ని ఉపన్యాసంగా చెప్పదు, ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి చూపిస్తుంది.

నన్ను ఇంకా కుదిపింది వేరే ఉంది. ఈ కథ మనకు కొత్త కాదు, భారతం ఆదిపర్వంలోనే ఉంది. శుక్రాచార్యుడి శాపంతో ముసలితనం మీద పడ్డ యయాతి, కోరికలు తీరలేదని కొడుకుల్ని యవ్వనం అడుగుతాడు. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు కుదరదంటారు. చిన్నవాడు పూరువు ఒప్పుకుంటాడు. తండ్రి వెయ్యేళ్లు భోగాలు అనుభవించి, తృప్తి అన్నది లేదని తెలుసుకుని, యవ్వనం తిరిగిచ్చి రాజ్యం కూడా పూరువుకే కట్టబెడతాడు. కాదన్న నలుగురికీ శాపాలు. మనం పూరువును ఆదర్శ పుత్రుడిగా చెప్పుకుంటూ వచ్చాం. ఆ వెయ్యేళ్లూ పూరువు ముసలివాడిగా ఎలా బతికాడో అడగాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ పెద్దగా రాలేదు. తన యవ్వనం తనదేనన్న యదువు చేసిన తప్పేమిటి? ఆ నలుగురి పక్షాన నిలబడి ఈ కథను మళ్లీ చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ ఉంది. నా దృష్టిలో ఈ అనిమే ఆ పని చేసింది. ఒక్క తేడా ఉంది, యయాతి కనీసం నోరు తెరిచి అడిగాడు. వీళ్లు అదీ అడగలేదు.

పిల్లల్లో తమ రెండో ఇన్నింగ్స్‌ను చూసుకునే తల్లిదండ్రులకు క్లోనింగ్ ల్యాబ్ అక్కర్లేదు. తను కాలేకపోయిన ఆటగాడిని, తను పాడలేకపోయిన పాటని, తనకు దక్కని ఉద్యోగాన్ని బిడ్డ చేత వసూలు చేసుకునే ప్రతి ఇంట్లోనూ యయాతి ఉన్నాడు. అలాంటి ఇళ్లలో బిడ్డ మాట వింటున్నంత కాలం అంతా ప్రేమలాగే కనిపిస్తుంది. వినని రోజున ముఖాలు ఎలా మారిపోతాయో ఆ పరిస్థితి దాటినవాళ్లకు బాగా తెలుసు. అక్కడ గోళం ఏదీ వచ్చి మింగదు. భోజనాల దగ్గర మాట్లాడటం మానేస్తారు, ఫోన్ ఎత్తరు, బంధువులకు ఆ పేరు చెప్పరు. ఇదీ వెలే.

ఇదే రోగాన్ని సిరీస్ ఇంకా పెద్ద స్థాయిలో, ఒక తరం మొత్తం తన పిల్లల దగ్గర చరిత్రనే దాచిపెట్టిన కథగా కూడా చూపిస్తుంది. అది రాజకీయంగా మంచి మలుపే, అయినా నన్ను క్లోన్ల కథ అంతగా అది కదిలించలేదు.

ఇక ద్రోహి షార్స్. అతనూ క్లోనే. తనను పుట్టించిన రాజు మాటే వేదమని నమ్మి, తోటివాళ్లను చంపడానికి ఒప్పుకుని ఓడెక్కినవాడు. ఆ తొమ్మిది మందిలో పూరువు అతనే, అవునన్న కొడుకు. విధేయత ఎంతదాకా తీసుకెళ్తుందో రచయిత దాచకుండా చూపించాడు. బండారం బయటపడ్డాక షార్స్ తన్ను తాను గోళానికి అప్పగించుకోబోతే, కనాటా వెళ్లి లాగేస్తాడు. ఆ ప్రయత్నంలో తన కుడిచెయ్యి పోగొట్టుకుంటాడు. ద్రోహిని ఎందుకు కాపాడాలి, ప్రతీకారం ఏది అని విసుక్కునేవాళ్లు ఈ సన్నివేశాన్ని ఇంకోసారి చూడాలి. వెలికి గురైనవాళ్లు తమలో ఒకణ్ణి వెలివేయడానికి ఒప్పుకోలేదు. పైగా పోయిన చెయ్యి ఏది? తండ్రి ఏళ్ల తరబడి కండలు పెంచి, తన కోసం సిద్ధం చేయించుకున్న శరీరంలోది. ఎవరినీ అడక్కుండా, ఎవరి అనుమతీ తీసుకోకుండా, కనాటా దాన్ని స్నేహితుడి కోసం ఖర్చు పెట్టేశాడు.