రచ్చబండ మీద చోటుంది, వచ్చి కూర్చోండి

అందరూ కలిసి రాసే అంతర్జాల వేదికల్లోకి స్త్రీలు ఎందుకు రావడం లేదన్న గంభీరమైన ప్రశ్నను పరిశీలించడానికి మేము ఏడుగురం మగవాళ్లం మొన్న ఆదివారం హనుమకొండలో సమావేశమై, తప్పు వాళ్లదేనని భోజనాల వేళ లోపే తేల్చాము. 2011లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ జరిపిన సర్వేలో, అందులో రాసేవారిలో స్త్రీలు పదింట ఒక వంతు కూడా లేరని తేలింది. 2015 నాటికి ఆ వాటాను 25 శాతానికి చేర్చాలని పెట్టుకున్న లక్ష్యం అందలేదు. లక్ష్యాలు పెట్టుకోవడంలో మేమూ ఎవరికీ తీసిపోము. మాదీ ఒకటుంది, ఆ కాగితం కోసం వెతుకుతున్నాము.

స్వాగతంలో మా వైపు లోపమేమీ లేదు. తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే చోటికి రచ్చబండ అని పేరు. ఎంత ఆత్మీయమైన పేరు! మేము నడిపే వేదికకూ దాన్నే అరువు తెచ్చుకున్నాము. మా పరకాల వైపు ఊళ్లలో రచ్చబండ ముందు నుంచి పోవలసి వస్తే ఆడవాళ్లు కొంగు నెత్తిన కప్పుకొని, బిందె చంక మార్చుకొని, గబగబా నడిచిపోయేవారు. అది బండ మీది పెద్దమనుషుల పట్ల గౌరవమని మేము ఇప్పటికీ నమ్ముతున్నాము.

ఇక రాసినదానికి ఆధారంగా చూపాల్సిన మూలాల పట్టింపులో ఇంగ్లిష్ వికీపీడియానే మాకు ఆదర్శం. 2018 మే నెలలో డోనా స్ట్రిక్‌లాండ్ మీద ఎవరో రాసిన చిత్తుప్రతిని, మూలాలు చాలవని అక్కడ తిప్పిపంపారు. అక్టోబరు 2న ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. లేజర్ల మీద అదే పనికి ఆమెతో బహుమతి పంచుకున్న జెరార్డ్ మురూకు మాత్రం వ్యాసం ఏనాడో ఉంది. ఆయనకు మూలాలు ముందే దొరికినట్టున్నాయి.

ఈ ఆదర్శాన్నే మేము మా వాడలోని ఒక వదిన విషయంలో పాటించాము. చేలల్లో కలుపుగా మొలిచే గునుగును కోసుకొచ్చి, కాడలను ఒక్క కొలతకు తెంపి, గుప్పెడేసి కట్టలు కట్టి, తెల్లని కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టి, బతుకమ్మలో తంగేడు వరుస మీద ఎలా పేర్చాలో ఆమె రాసింది. పదకొండు నిమిషాల్లో తొలగింపు మూస, అంటే ఈ వ్యాసాన్ని తీసేయాలన్న చీటీ, అంటించాము. మాలో ఎవరమూ ఒక్క కట్టయినా కట్టినవాళ్లం కాము గనుక మా నిష్పాక్షికతకు ఢోకా లేదు. “మా అత్తమ్మ చేతులున్నయి గద, అవే మూలం” అని ఆమె జవాబిస్తే, చేతులకు పుస్తకాలకుండే ఐఎస్‌బీఎన్ నంబరు ఉండదని సవినయంగా తెలియజేశాము. ఆమె మళ్లీ కనబడలేదు. స్త్రీలకు ఓపిక తక్కువని నివేదికలో రాసుకున్నాము.

ఇంతలో ఒక శుభవార్త. ‘రుద్రదేవ మహారాజు’ అనే కొత్త వాడుకరి వచ్చాడు. గణపతిదేవుడు తన బిడ్డకు పెట్టి ఓరుగల్లు గద్దెనెక్కించిన పేరది. చరిత్ర తెలిసిన మనిషే. గునుగు మీదనే ఎంత చక్కగా రాశాడో! మూలాలు అడగాలని ఎవరికీ తోచలేదు. “మస్తు రాసినవన్నా” అని ఏడుగురమూ చర్చాపేజీలో మెచ్చుకున్నాము. స్త్రీల స్వాగత సంఘానికి ఆయననే అధ్యక్షుడిగా ఎన్నుకోబోతున్నాము. ఒకసారి సమావేశానికి రమ్మని ఎన్నిసార్లు రాసినా, పండుగ దగ్గరపడ్డది, గునుగు కోసుకురావాలె, తీరిక లేదంటున్నాడు.