సైరస్ సిలిండర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సైరస్ సిలిండర్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం వారి అద్దాల పెట్టెలో క్షేమంగానే ఉన్నారని తెలుసు. చూడటానికి మద్దెలలా ఉంటారు. పొడవు 22.5 సెంటీమీటర్లు, కాల్చిన మట్టి ఒళ్లు, దాని నిండా మేకుల్లాంటి అక్షరాలు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందని మావాళ్ల సామెత. తమరి సంగతి తెలిస్తే ఆ మద్దెల కూడా తమరి దగ్గరికే వచ్చి ఏడ్చేది.

క్రీ.పూ. 539లో పారశీక రాజు సైరస్ బాబిలోన్‌ను గెలుచుకున్నాక తమరిని రాయించి పునాదుల్లో పెట్టారు. రాసిన భాష పారశీకం కాదు, ఓడిపోయినవాళ్లదే. మొక్కిన దేవుడూ వాళ్ల మర్దూకే. పాత రాజు నబోనిడస్ పాపాత్ముడనీ, మర్దూక్ దేశాలన్నీ గాలించి సైరస్‌ను ఎంచుకున్నాడనీ, యుద్ధమే లేకుండా నగరంలోకి నడిపించాడనీ తమరి కథనం. అంతకు కొద్ది రోజుల ముందు ఓపిస్ దగ్గర జరిగిన పోరు మాట మాత్రం ఎత్తరు. ఆ ఊచకోత సంగతి బాబిలోన్‌వాళ్లదే మరో మట్టిపలక బయటపెట్టింది. గెలిచినవాడి కరపత్రానికి ఆమాత్రం మతిమరుపు సహజమే లెండి.

దేవతా విగ్రహాలను సొంత గుళ్లకు, జనాన్ని సొంత తావులకు పంపించానని తమరిలో రాజు చెప్పుకున్నాడు. మంచి పనే, కాదనను. కానీ ఆ ముందు పంక్తుల్లోనే, దేశదేశాల రాజులు బరువైన కప్పాలు మోసుకొచ్చి నా పాదాలు ముద్దాడారని కూడా ఉంది కదా! ‘ప్రపంచపు తొలి మానవ హక్కుల ప్రకటన’ అనే బిరుదు మోస్తున్న తమరు, ఆ పాదచుంబనాన్ని ఏ హక్కు కింద జమకట్టారో తెలుసుకోవాలని ఉంది.

1879లో హొర్ముజ్ద్ రస్సాం తవ్వకాల్లో బయటపడ్డాక చాలాకాలం పండితుల మధ్య ప్రశాంతంగానే గడిపారు. 1971లో ఇరాన్ షా మొహమ్మద్ రెజా పహ్లవీ కన్ను పడింది. రాచరికానికి 2,500 ఏళ్లని పాత పారశీక రాజధాని పర్సెపొలిస్ శిథిలాల పక్కన గుడారాలు వేయించి, పారిస్ నుంచి వంటవాళ్లను రప్పించి, అతిథులకు నెమలి వడ్డించాడు. ఆ సంబరానికి చిహ్నం తమరే. తమరి నకలు ఐక్యరాజ్యసమితికి కానుకగా వెళ్లింది. ఆ రోజుల్లో సావాక్ రహస్య పోలీసుల చేతికి చిక్కినవాళ్లకు ఆ నకలు ఒకటి చూపించి ఉంటే ఎంత ఊరటగా ఉండేదో! సైరస్ సమాధి ముందు నిలబడి షా, నువ్వు నిశ్చింతగా నిద్రపో, మేం మేలుకునే ఉన్నాం అన్నాడు. ఆ మెలకువలోనే 1976లో ఏళ్లను సైరస్ పట్టాభిషేకం నుంచి లెక్కగట్టి, క్యాలెండర్‌ను 1355 నుంచి 2535కు దూకించాడు. ప్రజలు ఒక్కసారిగా 1,180 ఏళ్లు ముందుకు వెళ్లారు. 1979 జనవరిలో ఆయన దేశం బయటికి వెళ్లాడు.

ఇక తమరి పేరిట ఊరేగే ఆ దొంగ అనువాదం. బానిసత్వం రద్దట, ఇష్టపడని ప్రజలను ఏలనట. తమరి ఒంటి మీద అలాంటి మాటే లేదు. 2003లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంటూ ఇరాన్ న్యాయవాది షిరీన్ ఎబాదీ కూడా అలాంటి మాటే తలచుకున్నారు. హక్కుల కోసం నిజంగా కష్టపడిన మనిషి, ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. తమరు అనని మాటకు ఆమె కట్టుబడినంతగా, తమరు అన్న మాటలకు ఎవరు కట్టుబడ్డారు?

రాచరికాన్ని కూలదోసి వచ్చిన ఇస్లామిక్ పాలకులకూ తమరి మీద మోజు తగ్గలేదు. తమరిని అరువు ఇవ్వడం ఆలస్యమైందని 2010లో మ్యూజియంతో తెగతెంపులు చేసుకున్నారు. అదే ఏడాది తమరు టెహ్రాన్‌లో దిగగానే, పారశీక యోధుడి వేషం కట్టిన మనిషి మెడలో అధ్యక్షుడు అహ్మదీనెజాద్ ప్రభుత్వ అనుకూల బసీజ్ దళం కండువా వేశారు. కండువా కప్పితే ఏం జరిగినట్టో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 2016 అక్టోబరులో పసర్గదేలోని సైరస్ సమాధి దగ్గరికి జనం వాళ్లంతట వాళ్లే వేలల్లో వచ్చినప్పుడు మాత్రం కండువాలు రాలేదు, అరెస్టులు వచ్చాయి. మరుసటి ఏడాది ఆ దారులే మూశారు.

చివరగా ఒక విన్నపం. తమరి ఒళ్లు చాలాచోట్ల విరిగిపోయి, పంక్తులు కొన్ని పోయాయి. ఆ ముక్కలు ఎప్పుడైనా దొరికితే కాస్త ముందుగా కబురు పెట్టండి. వాటి అనువాదం ఎప్పుడో సిద్ధమైపోయింది.

ఇట్లు,
తమరి పాదాలెక్కడో తెలియక ఊరకుండిపోయిన
ఒక పాఠకుడు